డిగ్రీ అయ్యాక నేరుగా క్యాజువాలిటీకా, ముందు వార్డుకా?

ఎనిమిదోసెమిస్టర్
12 జనవరి, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె మాది. బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టరులో ఉన్నాను, ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. రెండో సంవత్సరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ విభాగంలో, నాలుగు రోజులు నిలబడ్డాను. నిలబడ్డాను అనే చెప్పాలి, అంతకుమించి ఏమీ చేయనివ్వలేదు. మూడో రోజు ట్రాక్టరు బోల్తాపడి ఐదుగురిని తెచ్చారు. ఆ పూట ఉన్నది ఒక్క సిస్టరే. ఆమె కేకలు వేయలేదు, పరుగెత్తలేదు. గుక్కపట్టి ఏడుస్తున్న కుర్రవాడిని దాటి, గోడకు ఆనుకుని మాట్లాడకుండా కూర్చున్న పెద్దాయన దగ్గరికి ముందు వెళ్లారు. ఆయనకు కడుపులో రక్తస్రావం అవుతోందని మాకు తర్వాత తెలిసింది. ఆమెకు ముందే ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి మరో విభాగం మీద మనసు నిలవడం లేదు.

మా మేడం ఏడాదైనా జనరల్ వార్డు చేయమంటున్నారు. మా సీనియర్ అక్క నేరుగా ఎమర్జెన్సీలో చేరిపొమ్మంటోంది. నాన్నగారు ఇవేవీ వద్దు, ఇంట్లో కూర్చుని ప్రభుత్వ పోస్టుకు చదువుకో అంటున్నారు. మీలో ఆ పని చేసినవారు చెప్పండి. ఇంకో సంగతి సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. రక్తం చూస్తే నాకు భయం లేదు, కానీ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే సన్న గొట్టం) పట్టుకుంటే చేయి వణుకుతుంది. ఇలాంటిదానికి అక్కడ చోటుంటుందా?

రాత్రిడ్యూటీ
12 జనవరి, రాత్రి 11.15

చెల్లీ, హైదరాబాదులో పన్నెండేళ్లుగా ఎమర్జెన్సీలోనే ఉన్నాను. అంతకుముందు పద్నాలుగు నెలలు మెడికల్ వార్డు. అప్పట్లో ఆ పద్నాలుగు నెలలూ నాకు జైలులా అనిపించాయి. ఇప్పుడు ఎవరడిగినా ముందు వార్డుకే వెళ్లమంటాను.

ఎమర్జెన్సీలో రోగి మనకు కనిపించేది గంటో రెండు గంటలో. వార్డులో ఆరు రోజులుంటాడు. న్యుమోనియాతో వచ్చినవాడు మొదటి రోజు ఎలా ఊపిరి తీస్తాడో, మూడో రోజు ఎలా తీస్తాడో, ఇంటికి వెళ్లే ముందు బెడ్ మీద కూర్చుని ఇడ్లీ తింటూ ఎలా తీస్తాడో అక్కడ చూస్తావు. మామూలు మనిషి ఎలా ఉంటాడో కంటికి అలవాటైతేనే, గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన మామూలుగా లేడని పట్టుకోగలం. నువ్వు చూసిన ఆ సిస్టర్‌కు తెలిసింది అదే అయి ఉంటుంది. ఆయన చర్మం చల్లబడి, చెమట పట్టి ఉంటుంది. అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పి ఉంటాడు. ఏడ్చేవాడికి ఊపిరి ఆడుతోంది, తెలివి ఉంది, నొప్పి తెలుస్తోంది. వాడు కాసేపు ఆగగలడు.

ఒక చిన్న పని చెబుతాను, రేపటి నుంచే మొదలుపెట్టు. ఏ ఆసుపత్రిలో ఏ కేస్ షీట్ తెరిచినా శ్వాస సంఖ్య దగ్గర 18 అనో 20 అనో ఉంటుంది. సగం మంది లెక్కపెట్టకుండా రాసేవారే. నువ్వు మాత్రం గడియారం చూసి నిండు నిమిషం లెక్కపెట్టు. రోగి దిగజారుతున్నాడంటే చాలాసార్లు రక్తపోటు కంటే ముందు ఆ అంకే చెబుతుంది. రక్తపోటు పడిపోయేదాకా చూస్తూ కూర్చుంటే అప్పటికే ఆలస్యం అయినట్టు.

చేయి వణకడం గురించి కడప తమ్ముడు చెబుతాడు. ఈ వేదికలో కాన్యులాల మీద అతనికున్నంత గర్వం ఎవరికీ లేదు.

బ్రదర్‌కడప
13 జనవరి, ఉదయం 6.05

నైట్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

రాత్రిడ్యూటీ అక్క మాటతో నేను ఏకీభవించను. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిన నెలకే క్యాజువాలిటీలో చేరాను. వార్డు అంటే ఉదయం ఎనిమిది గంటల ఇంజెక్షన్లు, రౌండ్లు, ఇండెంటు, డిశ్చార్జి కాగితాలు. ఒక సిస్టర్ ముప్పై మందిని చూసే వార్డులో, ఏ రోగి ఎలా ఊపిరి తీస్తున్నాడో గమనించే తీరిక ఎవరికుంటుంది? రెండేళ్లు వార్డు చేసి మా దగ్గరికి వచ్చినవారిని చూశాను. డాక్టరు చెప్పేదాకా ఆక్సిజన్ కూడా పెట్టకుండా నిలబడతారు. ఆ అలవాటు వదిలించడానికి ఆరు నెలలు పడుతుంది. కొత్తగా వచ్చినవారికి వదిలించాల్సిన అలవాట్లు ఏవీ ఉండవు.

అయితే ఎక్కడ చేరుతున్నావన్నది చూసుకోవాలి. ఇంటర్వ్యూలో వాళ్లు నిన్ను ప్రశ్నలడుగుతారు కదా, నువ్వూ అడుగు. రాత్రిపూట షిఫ్టుకు ఎంతమంది నర్సులు? ఎమర్జెన్సీకి సొంత డాక్టరు ఉంటారా, లేక ఐసీయూ డ్యూటీ డాక్టరే పరుగెత్తుకుంటూ రావాలా? కొత్తవారిని ఎన్ని వారాలు సీనియర్ పక్కన ఉంచుతారు? మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించిందే 2009లో. పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు ఆ చదువు చదివిన డాక్టర్లు ఉంటున్నారు, వారి దగ్గర ఏడాది చేస్తే మరోచోట మూడేళ్లు చేసినంత. బయట ఎర్రక్షరాలతో బోర్డు పెట్టి, లోపల నాలుగు బెడ్లు, ఒక ఆక్సిజన్ సిలిండరు ఉన్న చోట్లూ ఉన్నాయి. నేను మొదట చేరింది అలాంటిదే. రెండో వారంలోనే రాత్రి నన్ను ఒంటరిగా వదిలేశారు. ఆ రాత్రి గురించి ఇక్కడ రాయలేను.

మరొకటి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే పెట్టవద్దు. నావి పదకొండు నెలలు వారి బీరువాలో ఉండిపోయాయి, ఒక మంచి ఉద్యోగం అందుకే పోయింది.

రాత్రిడ్యూటీ
13 జనవరి, ఉదయం 7.30

తమ్ముడూ, నీ వాదన బలమంతా ఆ 'అయితే'లోనే ఉంది. నేర్పే చోటైతే నేరుగా చేరవచ్చు, నేనూ ఒప్పుకుంటాను. మన ఊళ్లలో అలాంటివి ఎన్ని? రెండో వారంలోనే ఒంటరిగా వదిలేశారని నువ్వే రాశావు. నిద్రపో ముందు.

నూటెనిమిది
13 జనవరి, మధ్యాహ్నం 2.20

నేను నర్సును కాదు. పల్నాడు వైపు 108లో ఈఎంటీగా, అంటే బండిలో రోగిని చూసుకునే మనిషిగా, తొమ్మిదేళ్లు. బీఎస్సీ జువాలజీ చదివి, శిక్షణ తీసుకుని ఇందులోకి వచ్చాను. మాలో నర్సింగ్ చదివినవారు కూడా ఉన్నారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ బండ్లు మొదలైనప్పుడు నేను ఏడో తరగతి. అంబులెన్సు ఫోను చేస్తే ఉచితంగా ఇంటికే వస్తుందంటే మా తాత నమ్మలేదు.

అమ్మాయి అడిగినదానికి నేరుగా జవాబు నా దగ్గర లేదు. క్యాజువాలిటీ గుమ్మం బయటి నుంచి మీరు ఎలా కనిపిస్తారో మాత్రం చెబుతాను. మేము స్ట్రెచర్ దింపేటప్పుడు రెండు రకాల నర్సులు ఎదురవుతారు. ఒకరు కాగితం మీద సంతకం పెట్టి పక్కకు జరగమంటారు. ఇంకొకరు అర నిమిషం ఆగి, ఎక్కడ దొరికాడు, ఎలా పడి ఉన్నాడు, దారిలో ఏం మార్పు వచ్చింది అని అడుగుతారు. ఆ అర నిమిషంలో చెప్పే సంగతులు ఏ స్కానులోనూ రావు. బైకు హ్యాండిల్ కడుపులో గుచ్చుకుని వంగిపోయి ఉందని చూసింది మేమే కదా.

పొలాల సీజనులో మాకు ఎక్కువగా వచ్చేది పొలం మందు తాగిన కేసులు. బంధువులు 'మందు తాగాడు' అంటారు, అంతే. ఏ మందు అంటే తెలియదంటారు. నేను ఎప్పుడూ డబ్బా వెతికి తెస్తాను. ఒకసారి డబ్బా కోసం పశువుల కొట్టంలోకి పరుగెత్తితే, ఈయనకు పేషెంటు కంటే డబ్బా ఎక్కువైందని తిట్టారు. అది గడ్డిమందు. డబ్బా లేకపోతే పురుగులమందు అనుకునేవారు.

ఎనిమిదోసెమిస్టర్
13 జనవరి, సాయంత్రం 6.50

అక్కా, అన్నా, ఇంతలా రాస్తారనుకోలేదు. రెండు రెండుసార్లు చదివాను. ఈ రోజు వార్డులో తొమ్మిది మందికి శ్వాస లెక్కపెట్టాను. ఒకాయనకు 28 వచ్చింది, షీట్‌లో ముందు రోజుది 20 ఉంది. స్టాఫ్ సిస్టర్‌కు చెబితే మొదట విసుక్కున్నారు, తర్వాత డాక్టర్ గారిని పిలిచారు.

గడ్డిమందుకూ పురుగులమందుకూ అంత తేడా ఉంటుందా? మాకు విషాలన్నీ ఒకే పాఠంలో చెప్పి ముగించారు.

డ్యూటీడాక్టర్
13 జనవరి, రాత్రి 10.10

ఉంటుంది. ఎంత తేడా అంటే, ఒకదానికి మంచిది అనుకుని చేసే పని ఇంకొకదానికి చేటు.

పురుగులమందుల్లో మనం ఎక్కువగా చూసేది ఆర్గానోఫాస్ఫేట్లు. నోట్లో నురగ, కళ్లనీళ్లు, చెమట, చిన్నదైన కంటిపాప, ఛాతీలో గరగర. వెల్లుల్లి లాంటి వాసన గుమ్మం దగ్గరే తెలుస్తుంది. నర్సు చేసే మొదటి పని గ్లవ్స్ వేసుకుని, బట్టలు తీయించి, సబ్బునీళ్లతో ఒళ్లు, జుట్టు కడిగించడం. దీన్ని ఆయా పని అనుకునే చోట రోగి చర్మం ఇంకా విషం పీల్చుకుంటూనే ఉంటుంది. తర్వాత విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షను. అయిదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోతాం. కొత్తవారు కంటిపాప పెద్దదవగానే సరిపోయిందనుకుంటారు. మేము చూసేది ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, నాడి, రక్తపోటు నిలిచాయా అని. అందుకే పక్కన స్టెతస్కోపు పెట్టి వినగల నర్సు ఉంటే నాకు ఇంకో డాక్టరు ఉన్నట్టే.

గడ్డిమందు పారాక్వాట్ అయితే, మనిషి మొదటి రోజు బాగానే మాట్లాడతాడు. నోరు, గొంతు పుండ్లు పడతాయి. తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత ఊపిరితిత్తులు. దానికి విరుగుడు లేదు. ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా చెడతాయి, కాబట్టి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప పెట్టం. ఆక్సిజన్ పెట్టకుండా నిలబడటం తప్పని కడప బ్రదర్ అన్నారు. పదికి తొమ్మిదిసార్లు ఆయన మాటే నిజం, ఈ పదోది గుర్తుంచుకోండి. డబ్బా తెచ్చిన ఆ 108 అన్నకు దండం.

పాముకాటు సంగతి కూడా చెప్పేస్తాను, మీ జిల్లాలో ఎలాగూ చూస్తారు. రెండు మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తాం. గడ్డకట్టకపోతే రక్తపింజరి లాంటి పాము విషం ఒంట్లోకి ఎక్కినట్టు. గొట్టం గాజుదే కావాలి, పొడిగా ఉండాలి, సర్ఫుతో కడిగినది పనికిరాదు. ప్లాస్టిక్ సిరంజిలో చూసి గడ్డకట్టలేదని హడావిడి పడినవారు ఉన్నారు. కట్లపాముకైతే ఈ పరీక్ష మామూలుగానే వస్తుంది. నేల మీద పడుకున్నవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు, కాటు గుర్తు కూడా కనిపించదు. గంట తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. అది మొదట చూసేది ఎప్పుడూ నర్సే, ఎందుకంటే మేము అప్పటికి మరో బెడ్ దగ్గర ఉంటాం.

(ఈ పోస్టు తర్వాత ఒక సభ్యుడు తమ బంధువు మందు తాగాడని, మోతాదు చెప్పమని రాసిన సందేశాన్ని తొలగించాం. అలాంటప్పుడు ఇక్కడ రాస్తూ కూర్చోవద్దు, 108కి ఫోను చేయండి. ఆ సభ్యుడితో విడిగా మాట్లాడాం, వారు ఆసుపత్రికి చేరుకున్నారు. – నిర్వాహకులు)

ఒకతండ్రి
14 జనవరి, ఉదయం 8.45

పండుగ పూట ఇలా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి కూడా నర్సింగ్ రెండో సంవత్సరం. మీరంతా పని గురించి ముచ్చటగా చెబుతున్నారు, బాగానే ఉంది. తాగి వచ్చినవారు, గుంపులుగా వచ్చే బంధువులు, అర్ధరాత్రి గొడవలు, వీటి గురించి ఎవరూ మాట్లాడరేమిటి? ఒక ఆసుపత్రిలో నర్సు మీద చేయి చేసుకున్నారని టీవీలో చూసినప్పటి నుంచి మా ఇంట్లో నిద్ర లేదు. పిల్లను అక్కడికి ఎలా పంపమంటారు?

రాత్రిడ్యూటీ
14 జనవరి, ఉదయం 11.20

అన్నయ్యగారూ, మీరు అడిగింది న్యాయమే. నా మీద ఒకసారి సెలైన్ స్టాండు విసిరారు, తగలలేదు. అలాంటివి జరగవని మీకు చెప్పలేను.

ఉమ్మడి రాష్ట్రంలోనే, 2008లో, ఆసుపత్రుల్లో పనిచేసేవారి మీద దాడి చేస్తే శిక్షపడే చట్టం వచ్చింది. అది అక్కరకు వచ్చేది దెబ్బ తగిలాక. దెబ్బ తగలకుండా చూసుకోవడమే మా పని. నేను గమనించింది చెబుతాను. జనం ఎక్కువగా తిరగబడేది రోగి చనిపోయాడని కాదు, గంటసేపు ఎవరూ ఏమీ చెప్పలేదని. ప్రతి పావుగంటకూ బయటికి వెళ్లి ఒకే ఒక్క బంధువును, అందరినీ కాదు, పేరు పెట్టి పిలిచి 'ఇంకా ప్రయత్నిస్తున్నారు, డాక్టరు గారు లోపలే ఉన్నారు' అని చెబితే సగం వేడి దిగుతుంది. మనకూ తలుపుకూ మధ్య ఎవరూ అడ్డం రాకుండా నిలబడటం కూడా ఒక విద్య. సెక్యూరిటీ ఉన్న చోటును ఎంచుకోవడం ఇంకో విద్య. తమ్ముడు చెప్పిన ఇంటర్వ్యూ ప్రశ్నల్లో ఇది కూడా చేర్చండి.

రాత్రి ప్రయాణం గురించి మా నాన్నగారూ ఇలాగే దిగులుపడేవారు. షిఫ్టు ముగిశాక తెల్లవారేదాకా రెస్టు రూములోనే ఉండేదాన్ని. ఇప్పుడు మా ఆసుపత్రి వ్యాను ఉంది.

మీ అమ్మాయి మనసులో ఏముందో ఒకసారి అడిగి చూడండి. ఐసీయూ, డయాలసిస్, పిల్లల వార్డు, సముదాయ ఆరోగ్యం, అన్నీ మంచి పనులే. క్యాజువాలిటీ ఒక్కటే గొప్పదని ఎవరైనా అంటే నమ్మకండి, మాకు కాస్త గొప్పలు చెప్పుకునే జబ్బుంది.

ట్యూటరమ్మ
14 జనవరి, మధ్యాహ్నం 3.00

ఇరవై ఏళ్లుగా నర్సింగ్ కళాశాలలో చెబుతున్నాను. కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. అనుభవం ఎంత ఉన్నా కాగితం లేకపోతే గుమ్మం దగ్గరే ఆపుతారు.

ఫలితాలు రాగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషను చేయించుకోవాలి. అది లేకుండా చేర్చుకుంటామనే ఆసుపత్రి నుంచి దూరంగా ఉండమ్మా. తర్వాత బీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రాథమిక చికిత్స శిక్షణ), ఏసీఎల్ఎస్ (దాని పై స్థాయి శిక్షణ). మీది 2021 తర్వాతి సిలబసు, అందులో గుండె ఆగినప్పుడు చేసే ప్రాథమిక చికిత్స మాడ్యూల్ తప్పనిసరిగా ఉంది, కాబట్టి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, ముప్పైకి రెండు శ్వాసలు నీకు కొత్త కాదు. అయినా అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు ఉంటే చాలాచోట్ల చెల్లుతుంది. రెండేళ్లకోసారి మళ్లీ చేయాలి. ఏసీఎల్ఎస్ మాత్రం చేరకముందే తొందరపడి చేయవద్దు, ఈసీజీ చదవడం రాకపోతే ఫీజు దండగ. చాలా ఆసుపత్రులు తామే చేయిస్తాయి.

పై చదువు కావాలంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతో ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్ అని ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. దానికి ఏడాది పని అనుభవం అడుగుతారు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల పీజీ కూడా ఉంది, దానికి బీఎస్సీ తర్వాత ఏడాది పని అనుభవం ఉండాలి, అది క్రిటికల్ కేర్‌లో అయితే మేలు. అంటే ఏ దారిలో చూసినా మొదటి ఏడాది రోగి పక్కనే.

నాన్నగారి మాట తీసిపారేయవద్దు. ఎయిమ్స్ వారి నార్సెట్ (నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష) రాయవచ్చు. బీఎస్సీ వారికి అనుభవం అక్కరలేదు, జీఎన్ఎం వారికైతే యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్లు అడుగుతారు. వచ్చిందంటే మూలవేతనం 44,900తో మొదలు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు ఇంటికి దగ్గర కూడా. కానీ అందులో ఏ విభాగం ఇస్తారన్నది నీ చేతిలో ఉండదు. క్యాజువాలిటీ కోరుకుంటే కంటి విభాగంలో వేసిన పిల్లలు నాకు తెలుసు. మొదట ఏడ్చారు, ఇప్పుడు కదిలించినా కదలరు.

వార్డు ముందా, ఎమర్జెన్సీ ముందా అనే తగవులో నేను రాత్రిడ్యూటీ పక్షమే. అయితే ఏడాది అక్కరలేదు, ఆరు నెలలు మనసుపెట్టి చేస్తే చాలు.

బ్రదర్‌కడప
14 జనవరి, రాత్రి 7.40

మేడం గారూ, పన్నెండు నెలల నుంచి ఆరుకు దిగారు. ఇంకో రెండు పోస్టులు రాస్తే సున్నాకు తెస్తాను.

చెల్లీ, చేయి వణుకు గురించి. నాకు మొదటి మూడు నెలలు వణికింది. ముగ్గురు రోగులు వేరే సిస్టర్‌ను పిలవమన్నారు. మా ఇన్‌చార్జి సిస్టర్ ఒకే మాట చెప్పారు: 'సూది చూడకు, వెయిన్ చూడు.' నేను దానికి ఇంకొన్ని కలిపాను. కుర్చీ లాక్కుని కూర్చో, నిలబడి వంగితే వణుకు ఎక్కువ. చిటికెన వేలు రోగి చేతి మీద ఆనించు. చర్మాన్ని కింది వైపుకు ఎడమ చేత్తో బిగించి పట్టు, లేకపోతే వెయిన్ జారిపోతుంది. పక్కకు వాలుగా, తక్కువ కోణంలో వెళ్లు. రక్తం కనిపించగానే ఆగిపోతారు కొత్తవారు, అక్కడే చెడుతుంది. సూదిని ఇంకాస్త వాల్చి, బియ్యపుగింజలో సగమంత ముందుకు పోనిచ్చి, అప్పుడు కాన్యులాను జరుపు. టోర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టాక చేయి కాసేపు కిందికి వేలాడనివ్వు.

కళాశాలలో ఎప్పుడూ సన్నగా ఉండే నీలం, గులాబీ రంగుల కాన్యులాలతోనే సాధన చేయిస్తారు. ప్రమాదం కేసుకు అవి చాలవు. 18 నంబరు ఆకుపచ్చది, కుదిరితే 16 బూడిదరంగుది, రెండు చేతులకూ రెండు. లావు సూది పెట్టడానికి జాలిపడితే తర్వాత రక్తం ఎక్కించేటప్పుడు చుక్కచుక్కగా దిగుతుంటే మనమే కొట్టుకోవాలి.

రెండుసార్లు తప్పితే మూడోసారి నువ్వు ప్రయత్నించకు, పక్కవారిని పిలువు. అందులో నామోషీ లేదు. నేనూ పిలుస్తాను (ఏడాదికి ఒకసారి).

యార్క్‌షైర్‌మబ్బు
15 జనవరి, తెల్లవారుజామున 3.30

ఇక్కడ ఇంకా రాత్రి పదే. ఇంగ్లండులో ఆరేళ్లుగా ఏ అండ్ ఈలో, అంటే ఇక్కడి క్యాజువాలిటీలో, ఉన్నాను, మాది కాకినాడ దగ్గర. బయటి దేశాల సంగతి ఎవరైనా అడుగుతారని చూశాను, అడగకపోయినా చెబుతాను.

మన దేశంలో మూడేళ్లు చేసి వచ్చాను. ఓఈటీ భాషా పరీక్ష, కంప్యూటరు పరీక్ష, వచ్చాక ఓస్కీ (పని చేసి చూపించే పరీక్ష). ఓఈటీలో రాయడానికి సీ ప్లస్ చాలు, మిగతా మూడింటికీ బీ కావాలి. నేను మాట్లాడటంలో ఒకసారి తప్పాను, ఎందుకంటే రోగితో మాట్లాడమంటే డాక్టరుకు రిపోర్టు ఇచ్చినట్టు మాట్లాడాను. అమెరికా అయితే ఎన్‌క్లెక్స్ పరీక్ష, గల్ఫ్ అయితే ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, ఇంకా అనుభవం అడుగుతారు. కాబట్టి ఎక్కడ ఏ విభాగంలో ఎన్ని నెలలు చేశావో స్పష్టంగా రాసిన అనుభవ పత్రం ప్రతి ఆసుపత్రి నుంచీ అప్పటికప్పుడే తీసుకో. నాలుగేళ్ల తర్వాత ఫోను చేస్తే ఆ ఆసుపత్రే ఉండకపోవచ్చు.

నేను ఇక్కడ నేర్చుకున్న కొత్త సంగతి ట్రయాజ్, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చడం. మన దేశంలో నేను చేసిన చోట ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు అని గోడ మీద బొమ్మ ఉండేది, కానీ ముందు చూసేది పెద్ద సిఫార్సుతో వచ్చినవారినే. ఇక్కడ మాంచెస్టర్ పద్ధతిలో నర్సే కూర్చుని అయిదు తరగతులుగా విడదీస్తుంది. ఎంత గొప్పవాడైనా, మడమ బెణికితే గంటలు కూర్చోవాలి. డాక్టరు చూడకముందే ఛాతీనొప్పి అన్నవాడికి పది నిమిషాల్లో ఈసీజీ తీసే అధికారం నాది. మొదటి వారంలో ఎవరినో అనుమతి అడగబోయి, అడగడానికి ఎవరూ లేరని తెలిసి చెమటలు పట్టాయి.

ఇక్కడ లేనివీ ఉన్నాయి. పురుగులమందు, పాముకాటు కేసులు నా అనుభవంలో ఉన్నన్ని మా కన్సల్టెంటు కూడా చూడలేదు. ఒకసారి తోట మందు మింగిన ముసలాయన వస్తే, వాసన చూసి నేనే ముందు చెప్పాను. ఆ రోజు గుంటూరు క్యాజువాలిటీ గుర్తొచ్చి రెస్టు రూములో కాసేపు కూర్చున్నాను.

డ్యూటీడాక్టర్
15 జనవరి, ఉదయం 9.00

సిఫార్సు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ప్రమాదం కేసంటే పోలీసులు వచ్చేదాకా ముట్టుకోమనే చోట్లు ఇంకా ఉన్నాయని విన్నాను. ముందు ప్రాణం కాపాడాలి, చట్టపరమైన కాగితాలు ఆ తర్వాతే అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అయితే మెడికో లీగల్ కేసులో నర్సు చేతి రాత తర్వాత కోర్టులో తెరుస్తారు. సమయం రాయండి, చూసినది రాయండి. 'తాగి ఉన్నాడు' అని రాయవద్దు, 'నోటి నుంచి మద్యం వాసన వస్తోంది' అని రాయండి. గాయం ఉన్న చోట చొక్కా కత్తిరించవద్దు, రంధ్రం పక్క నుంచి కత్తిరించండి. బట్టలు పారేయవద్దు. నేను రెండుసార్లు సాక్ష్యానికి వెళ్లాను, రెండుసార్లూ నన్ను కాపాడింది సిస్టర్ రాసిన సమయమే.

ఇంకో మాట, కత్తెర అనగానే గుర్తొచ్చింది. జేబులో మంచి కత్తెర పెట్టుకోండి.

రాత్రిడ్యూటీ
15 జనవరి, ఉదయం 9.20

దాని మీద పేరు కూడా రాసుకో చెల్లీ. క్యాజువాలిటీలో కత్తెరలు దొంగిలించేది డాక్టర్లే.

ఎనిమిదోసెమిస్టర్
3 ఆగస్టు, రాత్రి 10.30

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. ఏమయిందో చెప్పకుండా ఉండలేకపోయాను.

ఫలితాలు వచ్చాయి, రిజిస్ట్రేషను అయింది. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఒక చోట నా ప్రశ్నలు విని హెచ్‌ఆర్ ఆయన నవ్వి, ఉద్యోగం నీకా మాకా అన్నారు. ఇంకో చోట సర్టిఫికెట్లు అడిగారు, లేచి వచ్చేశాను. అప్పుడు నాన్నగారు బయట బండి మీదే ఉన్నారు, చెబితే కోప్పడతారనుకున్నాను. ఏమీ అనలేదు, టీ తాగుదాం పద అన్నారు.

చివరికి విజయవాడలో చేరాను. మొదటి మూడు నెలలు మెడికల్ వార్డు, తర్వాత ఆరు వారాలు ఎమర్జెన్సీలో సీనియర్ పక్కన, ఆ తర్వాతే సొంతంగా. అంటే మీ తగవులో ఎవరూ గెలవలేదు. ఆదివారాలు నార్సెట్‌కు కూడా చదువుతున్నాను, అది నాన్నగారి వాటా.

వార్డులో ఐదు వారాలు గడిచాయి. పోయిన గురువారం ఎమర్జెన్సీలో మనిషి తక్కువై నన్ను ఒక పూట పంపారు. స్కూలు ఆటో బోల్తా, నలుగురు పిల్లలు. ముగ్గురు ఏడుస్తున్నారు. నేను ఏడవని పాప దగ్గరికి వెళ్లాను. శ్వాస లెక్కపెట్టాను, 44. మా సీనియర్‌ను పిలిచాను. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, గొట్టం వేశారు. పాప నిన్న ఇంటికి వెళ్లింది.

కాన్యులా మాత్రం ఆ రోజు కూడా రెండుసార్లు తప్పింది. మూడోసారి పక్కవారిని పిలిచాను బ్రదర్.

బ్రదర్‌కడప
3 ఆగస్టు, రాత్రి 10.42

పిల్లల వెయిన్‌కు నేనూ పిలుస్తాను. అది లెక్కలోకి రాదు. ఎమర్జెన్సీలోకి మారాక రోజుకు పది పెట్టు, సంక్రాంతికి వణుకు ఉండదు.

రాత్రిడ్యూటీ
3 ఆగస్టు, రాత్రి 11.05

44 అని చదివి డ్యూటీ స్టేషనులో పైకే నవ్వాను, పక్కన ఉన్నవారు ఏమైందని అడిగారు. కత్తెర కొన్నావా?

ఎనిమిదోసెమిస్టర్
3 ఆగస్టు, రాత్రి 11.10

కొన్నాను అక్కా. పేరు కూడా రాశాను. ఆ గురువారమే పోయింది. ఇప్పుడు ఒక సర్జన్ గారి జేబులో నా పేరు కనిపిస్తోంది, అడగడానికి ధైర్యం చాలడం లేదు.